ఉడుకు గదిలో కోరమ్మ

కోరమ్మకు ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది. అది ఆమె బస్సు పాసు మీద భద్రంగా ఉంది. అంతకు మించి దాన్ని ఎవరూ వాడిన దాఖలాలు లేవు. కోరమ్మ అన్న బిరుదు ఆమెకు కాలేజీ ప్రసాదించింది. ఎందుకు ప్రసాదించిందో తెలియాలంటే ముందు ఆమె వంశచరిత్ర కొంత చెప్పుకోవాలి. భయపడనక్కర్లేదు, చిన్నదే. ఆ వంశంలో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

తండ్రికి సందు మలుపులో ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టుంది. గోడల నిండా ఖాళీ ఫ్రేములు వేలాడుతుంటాయి. మధ్యలో ఆయన స్టూలు మీద కూర్చుని అద్దం కోస్తూనో, చెక్కకు బంగారు రంగు పూస్తూనో ఉంటాడు. పనిలో ఆయన్ను వేలెత్తి చూపగలిగినవాడు లేడు. కానీ దారిన పోయేవాణ్ణి ఆయన ఏనాడూ "రండి" అని పిలవలేదు. చేతిలో ఫోటో పట్టుకుని గుమ్మం ముందు తచ్చాడుతున్న మనిషి కనిపించినా సరే, తల వంచుకుని అద్దం తుడుస్తాడు. "మనం ఎవర్నీ ఏదీ కోరం" అన్నది ఆయన జీవిత సూత్రం.

"కోరకపోతే మానెయ్యండి. కనీసం ఆ స్టూలన్నా గుమ్మానికి అడ్డం తియ్యండి. వచ్చినవాడు మిమ్మల్ని జరగమని అడగలేక వెళ్ళిపోతున్నాడు" అంటుంది తల్లి. ఆమె వేరే వంశం నుంచి వచ్చింది.

ఈ సూత్రం కూతురికి కళ్ళూ ముక్కూతో పాటు సంక్రమించింది. బస్సులో ఎవరి స్టాపు దగ్గర పడితే వాళ్ళు "ఆపండి, ఆపండి" అని అరుస్తారు. ఆమె అరవదు. తన స్టాపులో దిగేవాళ్ళు ఇంకెవరన్నా ఉంటే వాళ్ళ వెనకాలే దిగుతుంది. లేకపోతే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆపించేదాకా ప్రయాణించి, అక్కడ దిగి వెనక్కి నడిచివస్తుంది. దీనివల్ల ఆమెకు ఊరు బాగా తెలిసింది.

ఇటువంటి మనిషి కాలేజీలో ఓ ఇంజనీర్ల సంఘంలో చేరిందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. చేరలేదు. చేర్చబడింది.

కాలేజీలో అడుగుపెట్టిన కొత్తల్లో లైబ్రరీ కార్డు కోసం వరసలో నిలబడింది. వరస సగం కదిలాక ముందున్న బల్ల వెనక ఓ బ్యానరు కనిపించింది. దాని మీద మంచుగడ్డ బొమ్మ ఉంది. లైబ్రరీకీ మంచుగడ్డకూ ఏమిటి సంబంధమన్న సందేహం ఆమెకు కలక్కపోలేదు. కానీ అడగాలంటే ముందున్న అబ్బాయి భుజం తట్టాలి. వరస వదిలి పోవాలంటే వెనకున్నవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. ఈ రెండిటికన్నా వరసతో పాటు పోవడమే సుఖమనిపించింది. తీరా బల్ల దగ్గరికి చేరాక సీనియర్ ఒకతను చిరునవ్వుతో "శీతలీకరణ ఇంజనీర్ల సంఘం, విద్యార్థి చాప్టర్. చేరతావా?" అన్నాడు.

"లైబ్రరీ..." అంది ఆమె.

"ఉందమ్మా, మాకూ ఓ బీరువా నిండా పుస్తకాలున్నాయి. ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టింది. అలా ఫ్రిజ్‌లూ ఏసీలూ ఐసు ఫ్యాక్టరీల శాస్త్రానికి ఒక కొత్త సేవకురాలు దొరికింది. లైబ్రరీ కార్డు మాత్రం చాలాకాలం దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ వార్తను అందరికన్నా శ్రద్ధగా విన్నది నాయనమ్మ.

"ఏంటే, చాప్టర్లో చేరావా? పుస్తకంలో ఎన్నోదే అది?"

"పుస్తకంలోది కాదు నాయనమ్మా. సంఘం తాలూకు చాప్టర్, అంటే శాఖ."

"ఏదైతేనేం, త్వరగా పూర్తి చెయ్యి. తర్వాతిది మొదలెట్టాలిగా" అంది నాయనమ్మ. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరొచ్చినా, మనవరాలు మొదటి చాప్టర్ దగ్గరే ఆగిపోయిందని కళ్ళు ఒత్తుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.

ఇక చాప్టర్‌కు కాలేజీ వారు కేటాయించిన గది గురించి. ప్రపంచాన్ని చల్లబరచడానికి నడుం కట్టిన ఆ సంస్థ ఉండేది కాలేజీ మొత్తం మీద అత్యంత వేడి గదిలో. పైన రేకుల కప్పు. పడమటి గోడ మీద మధ్యాహ్నం నుంచీ ఎండ. ఇంకో గోడ అవతల లోహాలను ఎర్రగా కాల్చే కొలిమి ల్యాబు. ఒకప్పుడు అది ఇసుక నిలవ చేసే గది. అందులో ఇసుక వేడెక్కిపోతోందని ఖాళీ చేయించి విద్యార్థులకిచ్చారు. ఫ్యాను ఉండేది కానీ, అది తిప్పేది కూడా ఆ వేడినే.

ఆ గదినే కోరమ్మ ప్రేమించింది. దానికో కారణం ఉంది.

సంఘం నియమావళిలో ఒక నియమముంది. ప్రతి సమావేశం ముగించేముందు అధ్యక్షుడు వరసగా ఒక్కొక్క సభ్యుడి వైపూ చూసి, "మీకు ఏమైనా చెప్పేది ఉందా?" అని అడిగి తీరాలి. ఆమె వెళ్ళిన మొదటి సమావేశంలోనే ఆ ప్రశ్న వరసలో వచ్చి వచ్చి ఆమె ముందు ఆగింది. అంతకుముందు ఆమె జీవితంలో ఏ ప్రశ్నా అలా తనంతట తాను నడిచొచ్చి ఎదురుగా కూర్చోలేదు. ఆమె గొంతు సవరించుకుని, కాలేజీ మంచినీళ్ళ కూలరు వెనక దుమ్ము పట్టిందనీ, అందుకే నీళ్ళు చల్లబడటం లేదనీ, ఓ బ్రష్షుతో దులిపితే చాలనీ చెప్పింది. అందరూ వెళ్ళి దులిపారు. నీళ్ళు చల్లబడ్డాయి. తను ఒక మాట అంటే లోకంలో ఒక గ్లాసుడు నీళ్ళు చల్లబడటం ఆమెకదే మొదలు. ఆ తర్వాత ఆమె ఒక్క సమావేశం మానలేదు.

మిగతావాళ్ళు మానారు. వేడి అలాంటిది.

పదవులు ఆమెను వెతుక్కుంటూ వచ్చాయనడం కూడా సరికాదు. పదవులు వస్తుంటే మిగతావాళ్ళు తప్పుకున్నారు, ఆమె తప్పుకోలేదు. "ఈ అమ్మాయి కార్యదర్శి. అభ్యంతరమున్నవాళ్ళు చెప్పండి" అన్నప్పుడు అభ్యంతరమున్న ఏకైక వ్యక్తి ఆమే. చెప్పలేదు. మరుసటేడు అధ్యక్ష పదవికి కూడా ఇదే పద్ధతిలో, ఎదురులేని మెజారిటీతో ఎన్నికైంది. నోరు తెరిచి నాయకులైనవాళ్ళు చరిత్రలో చాలామంది ఉన్నారు. తెరవకుండా అయినవాళ్ళ గురించి చరిత్ర ఇంకా సరిగ్గా రాయలేదు.

కార్యదర్శిగా ఉండగానే బిరుదు వచ్చింది. సమావేశానికి పదిహేనుమంది ఉంటే కోరం ఉన్నట్టు. లేకపోతే ఆ సమావేశం చెల్లదు. సమావేశం మొదలుకాగానే కార్యదర్శి లేచి నిలబడి ఈ సంగతి ప్రకటించాలి. ఆమె లేచి, ఖాళీ కుర్చీలకేసి చూసి, నూతిలోంచి వచ్చినట్టు వినిపించే గొంతుతో "కోరం లేదు" అనేది. వారం వారం ఇదే మాట. "అదుగో, కోరం లేదమ్మ వస్తోంది" అని ఎవరో అన్నారు. నాలుకకు బరువనిపించి ఇంకెవరో "లేదు" తీసేశారు. కోరమ్మ మిగిలింది.

తండ్రికి ఆ మాట బాగా నచ్చింది.

"కోరం అంటే ఏంటమ్మా?" అన్నాడు ఓ రోజు భోజనాల దగ్గర.

"సరిపడా మంది రావడం, నాన్నా."

"చక్కని మాట. మనం మొదట్నుంచీ అనేదే. ఎవర్నీ ఏదీ కోరం."

"ఆహా! తండ్రికి గిరాకీ రాదు, కూతురికి జనం రారు. ఇద్దరూ కలిసి ఎంత చక్కగా కోరకుండా కూర్చున్నారో!" అంది తల్లి, ఇద్దరికీ చెరో గరిటె వడ్డిస్తూ. వాళ్ళెలాగూ అడగరని ఆమెకు తెలుసు.

ఇలా సాగిపోతుండగా సంఘం ప్రధాన కార్యాలయం నుంచి కబురొచ్చింది. గత రెండేళ్ళుగా ఈ చాప్టర్ వార్షిక సమావేశం కోరం లేక చెల్లకుండా పోయిందట. ఈసారి సంఘం ప్రతినిధి స్వయంగా వస్తారట. ఆవిడ ఎదుట కూడా కోరం లేకపోతే చాప్టర్‌ను మూసేస్తారట.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పింది. "చాప్టర్ క్లోజ్ చేస్తారంట నాయనమ్మా."

"మంచి మాట చెప్పావే తల్లీ! ఇన్నాళ్ళకు పూర్తయిందన్నమాట" అని నాయనమ్మ ఆనందంతో ఆమె బుగ్గలు పుణికింది.

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. పదవి పోతుందని కాదు. ఆ పదవి కావాలన్నవాడు ఎదురైతే దారిలోనే ఇచ్చేసేది. పోయేది ఆ ప్రశ్న. "మీకు ఏమైనా చెప్పేది ఉందా?" అని తనను అడిగిన చోటు లోకంలో ఆ ఇసుక గది ఒక్కటే. అదీ మూతపడితే ఇక మళ్ళీ ఎవరో ఆపించిన స్టాపులో దిగడమే.

దీనికి చేయవలసిన పని చాలా చిన్నది. సభ్యుల్ని కలిసి "రండి" అని అడగాలి. ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ చేసింది.

మొదట ఒక పోస్టరు తయారుచేసింది. ఎవర్నీ నొప్పించకూడదని వాక్యాలు దిద్ది దిద్ది చివరికి ఇలా తేల్చింది: "మన చాప్టర్ వార్షిక సమావేశం జరుగును. రావాలనుకునేవారు రావచ్చును. రాలేనివారి ఇబ్బందిని అర్థం చేసుకోగలము."

దాన్ని చూసి ఉపాధ్యక్షుడు చాలాసేపు తల పంకించాడు. ఇతన్ని కాలేజీలో "తర్వాత" అని పిలుస్తారు. ఏ పని చెప్పినా "తర్వాత చూద్దాం" అంటాడు కనుక. మనిషి మంచివాడు. చేతిలో స్క్రూడ్రైవరు పెడితే దేన్నైనా విప్పగలడు.

"ఇది పిలుపులా లేదు కోరమ్మా. సెలవు చీటీలా ఉంది."

"మరీ బలవంతపెట్టినట్టు ఉండకూడదుగా!"

"పోనీ ఒక్కొక్కరినీ కలిసి అడుగు."

ఆమె ముఖంలో రంగు మారింది. "అడక్కుండా వచ్చేలా చెయ్యలేమా? గది చల్లగా ఉంటే వాళ్ళే వస్తారు."

ఇక్కడే, ఓ మొహమాటస్తురాలి బుర్రలో, చాప్టర్ చరిత్రలోకెల్లా గొప్ప సాంకేతిక పథకం పుట్టింది. ప్రిన్సిపాల్ గదిలోంచి తీసేసిన పాత కిటికీ ఏసీ ఒకటి స్టోరులో పడి ఉంది. చాప్టర్ సలహాదారు సార్ దాన్ని ఇప్పించారు. సార్ మృదుస్వభావి. ఆయన పాఠం వింటూ నిద్రపోని బ్యాచ్ ఇంతవరకూ లేదు. ఉపాధ్యక్షుడు తర్వాత ఆ ఏసీని విప్పాడు, కోరమ్మ మళ్ళీ బిగించింది. కెపాసిటర్ మార్చారు, గ్యాస్ నింపించారు, ఫ్యానుకు నూనె వేశారు. మీట వేస్తే అది ముసలి ఏనుగులా ఓసారి ఒళ్ళు విదిలించుకుని చల్లగాలి వదిలింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చలికేమో.

గదికున్న ఒకే ఒక్క కిటికీలో దాన్ని బిగించాలి. కిటికీ పెద్దది, ఏసీ చిన్నది. చుట్టూ సందు మూయడానికి చెక్క కావాలి. ఆమె కొలతలు కాగితం మీద వేసి, తండ్రి కొట్లో అద్దం కోసే బల్ల మీద కనపడేలా పెట్టి వచ్చేసింది. అడగలేదు. తండ్రి ఆ కాగితం చూశాడు. ఇది ఎవరిది, ఎందుకు అని ఆయనా అడగలేదు. ఆయనకు తెలిసిన పద్ధతిలో ఆయన చేశాడు. రెండు రోజుల్లో బల్ల మీద ఓ ఫ్రేము ప్రత్యక్షమైంది. మూలలు వెంట్రుక దూరనంత బిగువు. నాలుగు వైపులా లతలు చెక్కిన బంగారు రంగు అంచు.

అందులో బిగించాక ఆ ఏసీ ఎవరో మహారాజుగారి తైలవర్ణ చిత్రంలా గోడ మీద నుంచి అందర్నీ చూడసాగింది.

ఇంత శాస్త్రోక్తంగా జరిగిన పనిలో ఒక్క చిన్న లోపం ఉంది. శీతలీకరణ చదివినవాళ్ళు మాత్రమే చేయగల లోపం అది. ఏసీ గదిలో వేడిని లాగి వెనక వైపు నుంచి బయటికి తోస్తుందని వాళ్ళకు తెలుసు. బోర్డు మీద బొమ్మ కూడా వేశారు. గది, గదిలోంచి ఒక బాణం, బాణం చివర "పరిసరాలు" అన్న మాట. పాఠ్యపుస్తకంలో వేడి ఎప్పుడూ పరిసరాల్లోకే పోతుంది. పోయాక దాని సంగతి ఎవరూ పట్టించుకోరు, పరీక్షలో అడగరు కనుక.

ఆ కిటికీ ఒకప్పుడు ఆరుబయటికి తెరుచుకునేది. తర్వాతెప్పుడో అటు పక్క ఇంకో గది కట్టారు. అది విరిగిన కుర్చీలు పడేసే గది అని అందరి నమ్మకం.

"అటువైపు ఏముందో చూశావా?" అని కోరమ్మ అడిగింది.

"తర్వాత చూస్తా" అన్నాడు తర్వాత.

సమావేశం రోజు రానే వచ్చింది. సంఘం ప్రతినిధి ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీ నడిపే ఇంజనీరమ్మ. జీవితమంతా గడ్డకట్టే చలిలో పనిచేసినా మాట మాత్రం వెచ్చగానే ఉంటుంది. ఆవిడ గదిలోకి అడుగుపెడుతూనే "అబ్బ, హాయిగా ఉంది" అని శాలువా కప్పుకున్నారు. సలహాదారు సార్ ముఖం వెలిగిపోయింది. ఏసీ బంగారు ఫ్రేములోంచి గంభీరంగా గుర్రుమంది.

అంతా బాగుంది. జనమే లేరు.

కోరమ్మతో కలిపి ఆరుగురు సభ్యులు. గది చల్లబడిందన్న సంగతి తెలిస్తే అందరూ వస్తారు, నిజమే. కానీ తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ "ఎవరో ఒకరు" తానేనని అప్పుడు వెలిగింది ఆమెకు. ఉపాధ్యక్షుడు తర్వాత కూడా రాలేదు. "నువ్వు పద, నేను తర్వాత వస్తా" అని ఎటో పోయాడు.

ఇంజనీరమ్మ గడియారం చూసుకున్నారు. "ఇంకాసేపు చూద్దాం. నియమం ప్రకారం అరగంట ఆగొచ్చు. ఈలోగా మీ ఏసీ గురించి చెప్పండి. ఈ గదిలో వేడి ఎక్కడికి పోతోంది?"

"పరిసరాల్లోకి మేడం" అన్నారు సలహాదారు సార్, తాను రోజూ చెప్పే పాఠమే కనుక ధీమాగా.

"ఆ పరిసరాల్లో ఎవరుంటారు?"

సార్ కిటికీ వైపు తిరిగారు. ఆయనకేదో గుర్తొచ్చింది. లైబ్రరీ పైకప్పు కురుస్తోందని రీడింగ్ రూమును కొన్నాళ్ళు వేరే గదిలోకి మార్చమని క్రితం వారమే ఆయన సంతకం పెట్టారు. ఏ గదిలోకో ఇప్పుడు నెమ్మదిగా గుర్తొస్తోంది.

వసారాలో గోలగా అడుగుల చప్పుడు. తలుపు ధడాల్న తెరుచుకుంది. పరిసరాలు లోపలికొచ్చాయి.

అన్నిటికన్నా ముందు తర్వాత. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది, చెంప మీద పుస్తకం అంచు ముద్ర. వెనకాల గుంపు.

"ఎవడండీ అది? మనుషులనుకున్నారా, బట్టీలో ఇటుకలనుకున్నారా? ప్రశాంతంగా చదువుకుంటుంటే..."

"పడుకుంటుంటే" అని సవరించారు వెనకనుంచి.

"...పడుకుంటుంటే బీరువాల వెనక నుంచి ఒకటే వేడిగాలి! కొలిమి ల్యాబుకెళ్ళి పోట్లాడదామని బయల్దేరాం. వాళ్ళు ఇవాళ కొలిమే వెలిగించలేదన్నారు. చప్పుడు వెతుక్కుంటూ వస్తే..." అంటూ తర్వాత చేయి చాచి చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించబోయాడు. చూపుడువేలు బంగారు ఫ్రేము దగ్గర ఆగింది. తన చేత్తో బిగించిన స్క్రూలు తనకేసే చూస్తున్నాయి. వేలు నెమ్మదిగా వంగింది.

"ఓహో" అన్నాడు.

గుంపులో అందరి ముఖాలూ కోరమ్మకు తెలుసు. అందరూ చాప్టర్ సభ్యులే. సమావేశం ఉందని తెలిసి, దానికి దొరక్కుండా, రీడింగ్ రూములో తలదాచుకున్నవాళ్ళు. ఇప్పుడు చల్లగాలి తగిలేసరికి ఎవరూ పిలవకుండానే తలో కుర్చీ లాక్కుని, "అబ్బా", "అమ్మయ్య" అనుకుంటూ కూలబడుతున్నారు. ఆమె మనసులో లెక్కపెట్టింది. పదిహేను దాటారు! అడక్కుండానే! తన పథకం పారింది! నాన్న సూత్రం నెగ్గింది!

"ఇక మొదలుపెట్టమ్మా" అన్నారు ఇంజనీరమ్మ.

ఆమె లేచింది. అప్పుడే ఏసీ గొంతులో గరగరమంది. ఒకసారి వణికింది. ఆగిపోయింది.

పక్క గదిలోకి తోసిన వేడి బయటికి పోయే దారి లేక అక్కడే ఉడికింది. బీరువాలు గాలికి అడ్డంపడ్డాయి. ఆ ఉడుకులో యంత్రం ఎంతసేపని తోస్తుంది? చేతులెత్తేసింది. ఇదంతా ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైంది. శీతలీకరణలో ఆమెకు మంచి మార్కులే వస్తాయి. కానీ రేకుల కప్పు మార్కులు చూడదు. చూస్తుండగానే గదిలోకి పాత వేడి, అలవాటైన అద్దెదారులా, తన చోటులోకి తాను వచ్చి కూర్చుంది.

"ఇక్కడా ఇంతేనా! పదండ్రా, చెట్టు కిందికి పోదాం" అని ఎవరో లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి. తర్వాత కూడా మొహమాటంగా లేచి, "తర్వాత ఇంకోసారి పెట్టుకుందాంలే కోరమ్మా" అన్నాడు.

ఆమె వాళ్ళ వీపుల వంక చూసింది. ఈ దృశ్యం ఆమెకు కొత్త కాదు. బస్సు తన స్టాపు దాటిపోతున్నప్పుడు కిటికీలోంచి రోజూ చూసేదే.

"ఆగండి!"

ఆ గొంతు ఎవరిదో తెలియక సలహాదారు సార్ తలుపు వైపు చూశారు. కోరమ్మ కూడా ఒక్క క్షణం తనదో కాదో తేల్చుకోలేకపోయింది.

"తర్వాత కాదు. ఇప్పుడే. కూర్చోండి" అంది. మొదలైన గొంతు ఇక ఆగడం లేదు. "నేను మిమ్మల్ని అడగలేదు. ఒక్కర్ని కూడా అడగలేదు. అడగడం చేతకాక ఏసీ బాగుచేశాను. ఇప్పుడు అడుగుతున్నా. గది వేడిగా ఉంది, నాకు తెలుసు. రోజూ ఇక్కడే కూర్చుంటా కాబట్టి మీకంటే బాగా తెలుసు. మీరు వెళ్ళిపోతే దీన్ని మూసేస్తారు. మూసేస్తే... నాకు బాధగా ఉంటుంది. ఉండండి. దయచేసి ఉండండి."

లేచినవాళ్ళు లేచినచోటే నిలబడ్డారు. చెమట మాత్రం అందరి ముఖాల మీదా తన పని తాను చేసుకుపోయింది. ముందు తర్వాత కూర్చున్నాడు. ఆ కాలేజీలో అతను దేన్నైనా వెంటనే చేయడం అదే ప్రథమం కనుక, మిగతావాళ్ళు ఆ ఆశ్చర్యంలోనే కూర్చుండిపోయారు.

"కోరం ఉంది" అంది అధ్యక్షురాలు. నిజానికి ఆ మాట కార్యదర్శి అనాలి. కానీ ఆ మాట అనే హక్కు ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు.

సమావేశం జరిగింది. అంత త్వరగా, అంత ఏకగ్రీవంగా, అంత తడిగా తీర్మానాలు నెగ్గిన సభ ఇంకొకటి ఉండదు. ఇంజనీరమ్మ శాలువాతో విసురుకుంటూ ఒక్క సంగతి మాత్రం అడిగారు. "ఇంతమంది ఉండి ముందే ఎందుకు రాలేదయ్యా మీరు?"

"మమ్మల్ని ఎవరూ పిలవలేదు మేడం."

"పోస్టరు వేశారుగా?"

"చూశాం మేడం. 'రాలేనివారి ఇబ్బందిని అర్థం చేసుకోగలము' అని ఉంది. అర్థం చేసుకుంటుంది కదా అని రాలేదు."

గది గొల్లుమంది. కోరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. కానీ నవ్వింది. చివరి నియమం ప్రకారం ఆమె ఒక్కొక్కరి వైపూ చూస్తూ "మీకు ఏమైనా చెప్పేది ఉందా?" అని అడుగుతూ వచ్చింది. ఇన్నేళ్ళూ తను ఎదురుచూసిన ప్రశ్నను ఇప్పుడు తనే ఇంతమంది ముందు పెడుతుంటే చిత్రంగా ఉంది. ఒకడు ఏసీని పడమటి గోడకు మార్చాలన్నాడు. ఇంకొకతె రీడింగ్ రూముకు క్షమాపణ చెప్పాలంది, "అంటే మనకు మనమే" అని చేర్చి. సలహాదారు సార్ ఏదో చెప్పబోయారు కానీ, ఎందుకైనా మంచిదని కుర్చీలో సర్దుకున్నారు. ఆయన మొదలుపెడితే వచ్చిన కోరం నిద్రపోయే ప్రమాదముంది.

ఇంజనీరమ్మ చాప్టర్ కొనసాగుతుందని ప్రకటించి, వెళ్తూ వెళ్తూ బంగారు ఫ్రేము ముందు ఆగారు. "ఈ పనితనం ఎవరిదమ్మా?"

"మా నాన్నది మేడం." ఇంత వరకే చెప్పడం ఆ వంశాచారం. ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. "కొట్టు సందు మలుపులోనే ఉంది. రండి మేడం. గుమ్మంలో స్టూలుంటుంది, జరగమని చెప్పండి."

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి ముఖానికి తగులుతుంటే "ఆగండి" అన్న తన గొంతు ఆమెకు మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. బాగుంది. ఇంకోసారి వినాలనిపించింది.

"ఆపండి!" అని అరిచింది.

బస్సు ఠక్కున ఆగింది. కండక్టరు ఆశ్చర్యపోయి తనే తలుపు తీశాడు. కోరమ్మ తల ఎత్తుకుని, మెట్టు తర్వాత మెట్టు, ఎన్నికల్లో నెగ్గినవాళ్ళు దిగినట్టు దిగింది. బస్సు వెళ్ళిపోయింది. అప్పుడు చుట్టూ చూసుకుంది. అది తన స్టాపు కాదు. తన స్టాపు ఇంకా ముందుంది.

పోనీలే అనుకుని ఇంటికేసి నడిచింది. ఇన్నాళ్ళూ వెనక్కి నడిచేది, ఈసారి ముందుకే కదా.